మెడ విదిలింపు – కనిపించని గాయపు కథ

సంగీత్ కూడలి దగ్గర ఎఱ్ఱదీపం పడింది. నేనెక్కిన ఆటో ఆగింది. వెనుక వస్తున్న కారు ఆగలేదు.

ఇది 2018 డిసెంబరు నాటి మాట. పదవీ విరమణ చేసిన మరుసటి సంవత్సరం. పెద్ద ప్రమాదమని చెప్పుకోదగినదేమీ కాదు. ఆటో నాలుగడుగులు ముందుకు దూకింది. డ్రైవరు ముఖం హ్యాండిల్‌కు కొట్టుకొని ముందుపన్ను ఒకటి విరిగింది. నాకు రక్తం లేదు, వాపు లేదు, చొక్కా కూడా నలగలేదు. కారులోని కుఱ్ఱవాడు దిగివచ్చి "సారీ అంకుల్" అన్నాడు. నేను "ఫరవాలేదు నాయనా" అన్నాను. ఆ మాట అన్నందుకు తరువాత మూడు నెలలు చింతించాను.

మరునాడు ఉదయం లేవబోతే తల దిండును విడిచి రాలేదు. మెడ కొయ్యబారింది. కుడి చెవి వెనుక నుండి కణత దాకా ఎవరో సన్నని తీగను బిగించి లాగుతున్నట్లు నొప్పి. మా ఇంటివాళ్ళు ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టారు, వావిలాకు ఆవిరి పట్టించారు. కొంత ఉపశమనమే తప్ప నొప్పి పోలేదు. ఒక ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, "అంతా నార్మలే మాస్టారూ, వయసు కదా" అన్నారు. నార్మల్ అన్న మాట విన్న తరువాత ఇంట్లో కూడా నా మాటకు విలువ తగ్గింది. "ఏమీ లేదన్నారు కదండీ" అనేది మా ఆవిడ. తప్పుపట్టను. నొప్పి నాకున్నది, ఫిలిం ఆమె చూసింది.

చివరకు మా వీధిలోనే ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. ఆమె ఫిలిం అడగలేదు. భుజం మీద, మెడకూ భుజానికీ నడుమ కండను రెండు వేళ్ళతో పట్టి, అందులో గట్టిపడిన ఒక పోగును వెతికి, ఒక చోట నొక్కింది. ప్రాణం జివ్వుమంది.

"ఎక్కడ తెలుస్తోంది సార్?"

"కణతలో అమ్మా!"

నొక్కినది భుజంలో, మ్రోగినది కణతలో. పన్నెండు వారాలుగా నేను చెబుతున్న నొప్పి సరిగ్గా అదే. ఆ క్షణంలో నాకు కలిగినది ఉపశమనం కాదు, ఋజువు దొరికిన కక్షిదారుని సంతోషం. ఆ రోజు నుండి ఈ నొప్పి చరిత్రను తెలుసుకోవాలని పట్టుదల కలిగింది. తెలుగు పండితునికి వైద్యంతో పనేమిటని మిత్రులు నవ్వారు. కాని నేను వెతికినది వైద్యం కాదు. కంటికి కనిపించని గాయాన్ని లోకం ఎప్పుడు నమ్మింది, ఎప్పుడు నమ్మలేదు అన్న చరిత్ర. చిత్రమేమంటే ఆ చరిత్ర రైలుపట్టాల మీద మొదలౌతుంది. రైలు కూత వినపడని ఇల్లు అరుదైన మా సికిందరాబాదులో కూర్చుని దానిని చదవటం నాకు తగినదే అనిపించింది.

మా ఊరికి రైలు వచ్చినది 1874లో, వాడి నుండి. అప్పటికి ఇంగ్లండులో రైళ్ళు నడవడం మొదలై అర్ధశతాబ్దం కావస్తోంది. రైళ్ళతోపాటు ఒక కొత్త జబ్బు కూడా అక్కడ పుట్టి ఉన్నది. గుఱ్ఱపుబండి బోల్తాపడితే చేయి విరుగుతుంది, కాలు విరుగుతుంది. అది అందరికీ తెలిసిన గాయం. రైళ్ళు ఢీకొన్నప్పుడు మాత్రం ఏ ఎముకా విరగని వారు, తమ కాళ్ళమీద తాము లేచి నడిచి ఇంటికి వెళ్ళినవారు, కొన్ని రోజుల తరువాత మెడనొప్పి, నడుమునొప్పి, తలనొప్పి, నిద్రలేమి, మతిమరపు అంటూ వైద్యుల దగ్గరకు రాసాగారు. లండన్ యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సెన్ 1866లో ఈ విషయం మీద ఉపన్యాసాలిచ్చి ప్రచురించాడు. రైలు కుదుపుకు వెన్నుపాము అదిరిపోతుందనీ, ఆ అదురు వల్ల లోపల వాపు పుడుతుందనీ ఆయన వాదం. ఒక పోలిక కూడా చెప్పాడు. గుఱ్ఱపునాడా ఆకారపు అయస్కాంతాన్ని సుత్తితో గట్టిగా కొడితే పైకి చెక్కుచెదరదు, కాని ఆకర్షణశక్తి పోతుంది, మనిషి వెన్ను కూడా అంతే అన్నాడు. పోలిక అందమైనది. అలంకారశాస్త్రం చదివినవాడిని కనుక చెబుతున్నాను, అందమైన పోలిక ఋజువు కాజాలదు. అయినా లోకం దానికి "రైల్వే స్పైన్" అని పేరుపెట్టింది, న్యాయస్థానాలలో వాదులు ఎరిక్సెన్ పుస్తకాన్ని చేతబట్టుకొని నిలబడ్డారు, కంపెనీలు నష్టపరిహారం చెల్లించవలసి వచ్చింది.

ఆ ఉపన్యాసాలకు ముందు సంవత్సరమే, 1865 జూన్ 9న, కెంట్ ప్రాంతంలో స్టేపుల్‌హర్స్ట్ దగ్గర మరమ్మతు కోసం పట్టాలు తీసిన వంతెన మీదకు ఒక రైలు వచ్చి పడింది. పదిమంది మరణించారు. ఆ రైలులో చార్లెస్ డికెన్స్ ఉన్నాడు. ఆయన పెట్టె వంతెన అంచున వ్రేలాడింది. ఒంటిమీద గీత పడలేదు. దిగివచ్చి, క్షతగాత్రులకు నీళ్ళిచ్చి, వ్రాతప్రతి గుర్తుకు వచ్చి మళ్ళీ పెట్టెలోకి ఎక్కి తెచ్చుకున్నాడు కూడా. కాని ఆ తరువాత రైలెక్కినప్పుడల్లా ఆయనకు వణుకు పుట్టేది. సరిగ్గా అయిదేళ్ళకు, 1870 జూన్ 9నే, కన్నుమూశాడు. ఆ తిథి సామ్యానికి నేనేమీ అర్థం కల్పించను. అంతటి మాటకారి కూడా ఆ కుదుపు తన లోపల ఏమి చేసిందో ఇతరులకు చూపలేకపోయాడన్నదే నాకు పట్టిన సంగతి.

కంపెనీలు ఊరకుండలేదు. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకు వైద్యుడైన హెర్బర్ట్ పేజ్ 1883లో ఎరిక్సెన్‌కు ఖండనగా పెద్ద గ్రంథం వ్రాశాడు. వెన్నుపాములో వాపూ లేదు, ఏమీ లేదు, ఇదంతా భయం వల్ల కలిగిన మనోవికారం అన్నాడు. పేజ్ రైల్వే జీతగాడు కనుక ఆ మాట అన్నాడని త్రోసివేయటం సులభం. కాని ఎరిక్సెన్ చెప్పిన వెన్నుపాము వాపు నిజంగానే నిలబడలేదు. పేజ్ సగం సరి. లేనిదానిని లేదన్నాడు, ఆ తరువాత ఉన్నదానిని కూడా లేదన్నాడు. నొప్పికి చోటు వెన్నుపాములో దొరకలేదు కనుక అది మనసులోనే ఉండాలని నిశ్చయించాడు. ఈ రెండింటి నడుమ కండరమనే పెద్ద దేశమొకటి ఉన్నది. ఫ్రాన్సులో షార్కో దీనిని హిస్టీరియాలో కలిపాడు. జర్మనీలో ఓపెన్‌హైమ్ 1889లో దెబ్బవల్ల నరాలలో పుట్టే వ్యాధి అని వేరే పేరు పెట్టాడు. పేరు మారినప్పుడల్లా రోగికి ఒకసారి పరిహారం, ఒకసారి పరిహాసం.

ఇరవయ్యవ శతాబ్దంలో రైలు చోటును మోటారు ఆక్రమించింది. మన దగ్గర ఆ మార్పు కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ నుండి తన చేతికి తీసుకొన్నది. ఆ రైల్వే శాఖే 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి అదే బీజం. అంటే మన ఊళ్ళో బస్సు రైలుకు బిడ్డ. కుదుపు కూడా వారసత్వంగానే వచ్చిందనుకోవచ్చు.

అమెరికాలో 1928లో హెరాల్డ్ క్రో అనే ఎముకల వైద్యుడు సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వైద్యుల సభలో మోటారు ప్రమాదాలలో మెడ దెబ్బతిన్న ఎనిమిది మంది కథ చెబుతూ "విప్‌లాష్" అన్నాడు. ఆ మాట తారాజువ్వలా ఎగిరింది. 1953లో గే, అబాట్ అనే ఇద్దరు వైద్యులు అమెరికా వైద్యసంఘ పత్రికలో వ్రాసిన వ్యాసంతో స్థిరపడింది. క్రో మాత్రం తరువాతి కాలంలో ఆ మాట వాడినందుకు విచారించాడు. తాను తల కదిలిన తీరును వర్ణించటానికి వాడిన మాటను వైద్యులు, రోగులు, వకీళ్ళు జబ్బు పేరుగా చేసుకున్నారని ఆయన బాధ.

తెలుగు పత్రికలలో దీనిని కొందరు "కొరడా దెబ్బ" అని వ్రాయగా చూశాను. అది తప్పుదారి పట్టించే మాట. కొరడా దెబ్బ అనగానే మనకు దెబ్బ తిన్న వీపు గుర్తుకు వస్తుంది. ఇక్కడ మెడ వీపు కాదు, మెడే కొరడా. మా చిన్నప్పుడు ఎడ్లబండి తోలే పెద్దయ్య చెర్నాకోలను ఎద్దు మీద వేసేవాడు కాదు, గాలిలో విదిలించి ఛళ్ళుమనిపించేవాడు. పిడి కొద్దిగా కదిలితే కొస ఎంతో వేగంగా ఎగిసిపడేది. నడుము పిడి, తల కొస, మధ్యనున్న తోలుతాడు మెడ. అందుకని నేను దీనిని "మెడ విదిలింపు" అంటున్నాను. ఇంతకన్న మంచి మాట దొరికితే స్వీకరించటానికి నాకు అభ్యంతరం లేదు.

ఆ విదిలింపులో నిజంగా ఏమి జరుగుతుంది? 1955లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సెవరీ, మాథ్యూసన్ మొదలైనవారు కార్లను వెనుక నుండి ఢీకొట్టించి కొలిచారు. గుద్దుకున్న కారుకంటే అందులో కూర్చున్నవాని తలకు ఎక్కువ త్వరణం కలుగుతున్నదని తేలింది. నాలుగైదు కిలోల బరువున్న తల ఏడు చిన్న ఎముకల కొస మీద నిలబడి ఉన్నది మరి. 1997లో యేల్ విశ్వవిద్యాలయంలో భారతీయ సంతతికి చెందిన మనోహర్ పంజాబీ బృందం ఇంకొక రహస్యం కనిపెట్టింది. మెడ మొత్తం ఒక్కసారిగా వెనుకకు వాలదు. ముందుగా సీటు వీపును ముందుకు నెడుతుంది, తల ఉన్నచోటనే ఉండిపోతుంది. అప్పుడు మెడ క్రింది భాగం వెనుకకు, పై భాగం ముందుకు వంగి, ఇంగ్లీషు ఎస్ అక్షరం ఆకారం తాలుస్తుంది. ప్రకృతి మెడకు నేర్పని వంపు అది. ఇదంతా రెప్పపాటుకు ముందే జరిగిపోతుంది. కండరాలు తేరుకొని బిగిసేసరికి కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. 1955 నాటి వంటి తొలి పరిశోధనల ఫలితమే సీటు వెనుక తలకు ఆనుడు. అమెరికాలో 1969 జనవరి నుండి కొత్త కార్లకు అది తప్పనిసరి చేశారు. చాలామంది దానిని దిండు అనుకొంటారు. తల వెనుకకు అందేటంత ఎత్తున, దగ్గరగా లేకపోతే అది ఉన్నా లేనట్లే. నేనెక్కిన ఆటోలో నా వీపుకు సగం దాకా రెక్సిన్, ఆ పైన గాలి.

ఇక కండరం సంగతి. కండలో గట్టిపడిన పోగులుంటాయని 1843లోనే ఫ్రోరీప్ అనే జర్మన్ వైద్యుడు వ్రాశాడు. 1904లో ఇంగ్లండులో గోవర్స్ "ఫైబ్రోసైటిస్" అని పేరు పెట్టాడు. ఆ పేరులో సూచించిన వాపు అక్కడ లేదని తరువాత తేలింది కనుక ఆ పేరూ పోయింది. నాకు మాత్రం అందరికంటే నచ్చినవాడు కెల్గ్రెన్. 1938లో లండన్‌లో, ఎరిక్సెన్ పనిచేసిన ఆసుపత్రిలోనే, గాఢమైన ఉప్పునీటిని ఆరోగ్యవంతుల కండరాలలోకి సూదితో ఎక్కించి నొప్పి ఎక్కడ పుడుతుందో గుర్తించాడు. సూది గ్రుచ్చిన చోట కాక దూరంగా మరొకచోట నొప్పి తెలుస్తున్నదనీ, ఏ కండరం నుండి ఎక్కడకు పోతుందన్నదానికి ఒక క్రమం ఉన్నదనీ చూపాడు. మనం ఉప్పుమూటతో నొప్పి తీయబోతే ఆయన ఉప్పునీటితో నొప్పి పుట్టించి లోకోపకారం చేశాడు.

ఆ దారిలో చాలా దూరం నడిచినది జేనెట్ ట్రావెల్ అనే అమెరికన్ వైద్యురాలు. 1901లో పుట్టింది. ఆవిడకు తన భుజంలోనే నొప్పి వచ్చి, కండను తడుముకొంటుంటే ఒక చోట నొక్కగానే చేయంతా నొప్పి ప్రాకిందట. 1942లో భుజం నొప్పి మీద వ్రాసిన వ్యాసం నుండి ఆవిడ జీవితమంతా ఆ చోటుల అన్వేషణే. వాటినే ట్రిగ్గర్ పాయింట్లు అన్నారు. ట్రిగ్గర్ అంటే తుపాకి మీట. తెలుగులో "నొప్పి మీట" అంటే సరిపోతుంది, సరిపోవటమే కాదు ఇంకా బాగుంటుంది. మీట అనగానే మనకు తుపాకితోపాటు వీణ కూడా స్ఫురిస్తుంది. బిగిసిన తీగ, ఒకచోట మీటితే మరొకచోట పలికే ధ్వని. కండరంలో బిగిసిన పోగు, దానిమీద ఒక బిందువు, దూరాన పలికే నొప్పి. 1955లో సెనేటర్ కెనడీ నడుమునొప్పితో ఆవిడ దగ్గరకు వచ్చాడు. 1961లో ఆయన అధ్యక్షుడు కాగానే ఆవిడ శ్వేతసౌధ వైద్యురాలైంది. ఆ పదవి పొందిన మొదటి స్త్రీ. కెనడీ ఊగే కుర్చీ ఆవిడ సలహాయే. దేశాధ్యక్షునికి వచ్చిన నొప్పిని వయసు అని ఎవరూ కొట్టివేయరు. ఈ విద్యకు గౌరవం రావటానికి ఆ కుర్చీ కొంత కారణమనే నా నమ్మకం.

ఆవిడ శిష్యుడు, సహరచయిత డేవిడ్ సైమన్స్ కథ ఇంకా విడ్డూరం. ఆయన వాయుసేన వైద్యుడు. 1957 ఆగస్టులో బెలూనుకు వ్రేలాడదీసిన ఇరుకైన పెట్టెలో కూర్చొని సుమారు 31 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళివచ్చాడు. అంతరిక్షపు అంచును చూసివచ్చిన ఆ మనిషి తరువాతి కాలంలో ట్రావెల్ ఉపన్యాసం విని, మిగిలిన జీవితాన్ని మెడలో, వీపులో ఆవగింజంత గట్టిచోటులు వెతకడానికి అంకితం చేశాడు. ఇద్దరూ కలిసి వ్రాసిన పెద్ద గ్రంథం మొదటి సంపుటం 1983లో, రెండవది 1992లో వెలువడ్డాయి. ఏ కండరంలోని మీట ఎక్కడ నొప్పి పలికిస్తుందో బొమ్మలతో చూపిన నిఘంటువది. భుజం మీది ట్రపీజియస్ పైభాగం మెడ ప్రక్కగా, చెవి వెనుకగా కణతకు పంపుతుంది. నాది ఇదే. చెవి వెనుక నుండి రొమ్ముటెముక దాకా వాలుగా దిగే కండరం నుదుటికి, కంటికి పంపుతుంది, తల తిరిగినట్లు కూడా చేస్తుంది. మెడ ప్రక్కన లోతుగా ఉండే స్కేలీన్ కండరాలు చేతి వ్రేళ్ళ దాకా పంపుతాయి. మెడ విదిలింపు తిన్నవారిలో ఈ కండరాలే ముఖ్యంగా పట్టుకొంటాయని వారి అనుభవం.

పండితుడు వ్రాస్తున్నాడు కనుక ఇక మర్మల ప్రస్తావన వస్తుందని చదువరులు ఎదురుచూస్తూ ఉంటారు. వస్తుంది. సుశ్రుతుడు శరీరంలో 107 మర్మలు చెప్పాడు. వాటిలో 37 మెడ, తలలలోనివి. తలా మెడా కలిసేచోట రెండు ప్రక్కలా ఉండే మర్మలకు కృకాటికలని పేరు. అక్కడ దెబ్బ తగిలితే తల నిలకడ తప్పి ఊగుతుందన్నాడు. మర్మలను ఫలితాన్నిబట్టి అయిదు తరగతులు చేసినప్పుడు, ప్రాణం తీసేవి, వైకల్యం కలిగించేవి మొదలైనవాటితోపాటు "రుజాకరాలు" అని ఒక తరగతి పెట్టాడు. రుజ అంటే నొప్పి. చంపవు, కుంటిని చేయవు, నొప్పి మాత్రం పెడతాయి. అటువంటివి ఎనిమిది. నొప్పిని మాత్రమే కలిగించే గాయానికి శాస్త్రంలో ప్రత్యేకంగా ఒక గది కట్టిన ఆ మహానుభావునికి నమస్కారం. కాని ఆ ఎనిమిదీ మణికట్టులలో, చీలమండలలో, వాటి సమీపంలో ఉన్నవి. మెడలోవి కావు. కృకాటిక సంధిమర్మ, వైకల్యకర మర్మ. కనుక ట్రావెల్ చెప్పిన మీటలే మన మర్మలని, మనవాళ్ళు ఎప్పుడో చెప్పారని ఎగిరి గంతులు వేయటం నాకు సమ్మతం కాదు. మర్మ అంటే దెబ్బ తగలకూడని చోటు. మీట అంటే దెబ్బ తరువాత కండలో పుట్టిన చోటు. రెండూ వేరు. ఇంకొకటి మాత్రం ఒప్పుకోవాలి. మెడ పట్టివేయటాన్ని మన శాస్త్రం "మన్యాస్తంభం" అన్నది, దానికి కారణాలలో పగటినిద్ర, వంకరగా కూర్చోవటం, అదేపనిగా పైకి చూడటం చెప్పింది. ముప్పై యేళ్ళు నల్లబల్ల పైఅంచున తల యెత్తి వ్రాసినవాడికి ఆ చివరి మాట అర్థం కావటానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇంత జరిగినా వివాదం తీరలేదు. 1992లో ఈ విద్యలో నిపుణులను పిలిచి, రోగి వివరాలు చెప్పకుండా మీటలు వెతకమంటే వారిలో వారికి పొత్తు కుదరలేదు. ఆస్ట్రేలియాకు చెందిన క్వింట్నర్, కోహెన్ మొదలైనవారు మీటలన్న సిద్ధాంతమే తప్పనీ, నొప్పి నరాలలో, వాటిని గ్రహించే మెదడు ఏర్పాటులో ఉన్నదనీ వాదించారు. మరొకవైపు అమెరికాలో జే షా బృందం 2005లో అతి సన్నని సూదితో మీట లోపలి ద్రవాన్ని తీసి పరీక్షించి, నొప్పిని రేపే రసాయనాలు అక్కడ ఎక్కువగా ఉన్నాయని చూపింది. కొందరి విషయంలో నొప్పి కండరానిది కాదు, మెడ ఎముకల నడుమనున్న చిన్న కీళ్ళదని ఆస్ట్రేలియాలోనే బోగ్డుక్ బృందం 1996లో నిరూపించింది. ఆ కీలుకు పోయే నరాన్ని వేడితో అణచివేస్తే నొప్పి నెలల తరబడి తగ్గింది. ఊహలో ఉన్న నొప్పి అయితే నరాన్ని అణచినందుకు ఎందుకు తగ్గాలి?

అదే 1996లో లిథువేనియా నుండి వచ్చిన ఒక పరిశోధనను భీమా కంపెనీలు ఇప్పటికీ చెప్పుకొంటాయి. అక్కడ మెడ విదిలింపు అన్న మాట జనానికి తెలియదు, పరిహారం ఇచ్చే అలవాటూ లేదు. వెనుక నుండి గుద్దించుకున్న 202 మందిని ఒకటి నుండి మూడేళ్ళ తరువాత విచారిస్తే, ప్రమాదం జరగనివారికంటే వారిలో మెడనొప్పి ఎక్కువేమీ లేదట. కనుక పరిహారమే జబ్బుకు మూలం అన్నారు. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో 1995లో నొప్పికి పరిహారం ఎత్తివేసి చట్టం మార్చగానే అభ్యర్థనలు బాగా తగ్గాయి. కాని అభ్యర్థన తగ్గటం, నొప్పి తగ్గటం ఒకటేనా? రేషను కార్డు తీసేస్తే బియ్యం అడిగేవారు తగ్గుతారు, ఆకలి తగ్గిందని వ్రాసుకోవచ్చునా? గుద్దించుకున్న వారందరూ మెడనొప్పి తెచ్చుకోరు, అది మొదటి నుండి అందరూ ఒప్పుకొన్నదే. వారందరినీ కలిపి లెక్కవేస్తే నొప్పి ఉన్న కొద్దిమంది ఆ రాశిలో కలిసిపోతారని విమర్శకులు అప్పుడే చెప్పారు.

క్యుబెక్ రాష్ట్రం నియమించిన నిపుణుల బృందం 1995లో ఈ గాయాన్ని సున్న నుండి నాలుగు దాకా శ్రేణులు చేసింది. నొప్పి మాత్రమే ఉంటే ఒకటి, కండరాల పట్టు, కదలిక తగ్గటం కనిపిస్తే రెండు, నరాల లక్షణాలుంటే మూడు, ఎముక విరిగితే నాలుగు. మెడకు పట్టీ వేసి కదలకుండా ఉంచే పాత పద్ధతిని ప్రోత్సహించలేదు. వీలైనంత త్వరగా మెల్లగా కదిలించమన్నది. నేను మొదటి నెలంతా మెడపట్టీతో శివుని ముందు నందిలాగా కూర్చున్నాను. ఆ అమ్మాయి వచ్చాకే దానిని తీయించింది.

మన చట్టం సంగతి కూడా చెప్పాలి. భారత శిక్షాస్మృతి 1860 నాటిది. అందులో 320వ సెక్షన్ తీవ్రమైన గాయానికి ఎనిమిది లక్షణాలు చెప్పింది. ఏడవది, ఎముకగాని పన్నుగాని విరగటం, తొలగటం. ఎనిమిదవది, ప్రాణాపాయం కలిగించినది, లేక ఇరవై రోజులపాటు తీవ్రమైన శరీరబాధ పెట్టినది, లేక అన్ని రోజులు నిత్యకృత్యాలు చేసుకోనీయనిది. చదివి ఆశ్చర్యపోయాను. సుశ్రుతుని రుజాకరానికి మెకాలే చట్టంలో కూడా ఒక గది ఉన్నది! ఫిలింలో కనబడాలని అందులో ఎక్కడా లేదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 116వ సెక్షన్లో ఆ ఇరవైని పదిహేను చేశారు. అయితే ఆచరణలో ఏడవ లక్షణానికి ఒక ఫిలిం చాలు, ఎనిమిదవదానికి ప్రతిరోజూ ఎవరో ఒకరు వ్రాసి ఉంచాలి. నొప్పి ఉన్నవాడు డైరీ వ్రాయడు. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన పట్టికలో నొప్పికి, బాధకు ధర కూడా కట్టారు. తీవ్రగాయమైతే 5000 రూపాయలు, కాకపోతే 1000 రూపాయలు. 2018 మే దాకా ఆ పట్టిక మారలేదు. ఇరవై నాలుగేళ్ళలో బియ్యం ధర ఎన్నిసార్లు మారిందో చదువరులకు తెలుసు.

మా ప్రమాదంలో కాగితాల మీద డ్రైవరు పన్ను తీవ్రగాయమైంది, నా మెడ సాధారణ గాయమైంది. అతనికి రావలసినది వచ్చింది, వచ్చినందుకు నాకు సంతోషమే. పాపం, పన్ను లేకుండా సవారీలను పిలవటం కూడా కష్టమేనని చెప్పేవాడు. నేను దేనికీ అర్జీ పెట్టలేదు. వ్రాసుకోవటానికి రోజుల లెక్క లేదు.

మెడ ఇప్పుడు చాలావరకు నయం. చలికాలంలో, ఎక్కువసేపు కంప్యూటరు ముందు తెలుగు టైపు చేసినప్పుడు, కుడి భుజంలో ఆ పోగు మళ్ళీ బిగుస్తుంది. గోడకూ వీపుకూ నడుమ టెన్నిస్ బంతి పెట్టి ఒత్తుకోవటం ఆ అమ్మాయి నేర్పింది. మీట దొరికినప్పుడు కణతలో మ్రోగుతుంది, అరనిమిషం ఓర్చుకొంటే సద్దుమణుగుతుంది. ఆ ఆటో డ్రైవరు చిలకలగూడ స్టాండులో అప్పుడప్పుడు కనిపిస్తాడు. కొత్త పన్ను కట్టించుకున్నాడు. నన్ను చూడగానే బీడీ పారవేసి లేచి నిలబడి ప్రతిసారీ అదే అడుగుతాడు.

"మెడ ఎట్లుంది సార్?"